కొట్టేసిన జవాబు

మా మేడ మీద కిరాయికి ఉంటున్న హారిక టీచరు ఒక మాట అని పది రోజులవుతోంది. ఆ మాట అనకపోతే బాగుండేదని ఈ పది రోజుల్లో ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలియదు. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. గుంటూరు వైపు నుంచి వచ్చి శంషాబాద్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతోంది. మెత్తని మనిషి. ఆదివారం సాయంత్రం కింద మా వరండాలో కూర్చుని తొమ్మిదో తరగతి పిల్లల పేపర్లు దిద్దుతుంటే, పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఊరికే తొంగి చూశాను. ప్రతి పేపర్లోనూ అదే బొమ్మ. పైన A, కింద B, C. రెండు భుజాలు సమానమైతే వాటి ఎదుటి కోణాలు సమానమని నిరూపించుము. సమద్విబాహు త్రిభుజం. నలభై ఏళ్లు దాటినా ఆ బొమ్మను చూడగానే గుర్తుపట్టాను.

నవ్వులాటకే చెప్పాను. "టీచరమ్మా, మా బాపు దీన్ని ఎట్ల రుజువు చేసిండో చూస్తవా?" అని ఒక చిత్తుకాగితాన్ని త్రిభుజంలాగా మడిచి చింపాను. నేల మీద పెట్టి చుట్టూ సుద్దముక్కతో గీశాను. కాగితాన్ని తీసి బోర్లా తిప్పి, మళ్లీ అదే గీతలో పెట్టాను. సరిగ్గా కూర్చుంది. "ఇగో, ఈ మూల పోయి ఆ మూలల కూసున్నది. అయిపాయె" అన్నాను. ఆ పిల్ల నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఎర్రపెన్ను కింద పెట్టి ఆ కాగితం వంకే చూసింది.

"ఇది తప్పేమీ కాదండి ఆంటీ. త్రిభుజాన్ని తిరగేసి దానితోనే పోల్చడం. మధ్యలో ఏ గీతా గీయక్కర్లేదు. ఇది చాలా పాత నిరూపణ. కొంచెం పద్ధతిగా రాస్తే నేనైతే అయిదుకి అయిదూ వేస్తాను" అంది.

"నువ్వొక్కదానివే వేస్తవా, వేరేటోళ్లు గూడ వేస్తరా?"

"విషయం తెలిసినవాళ్లు ఎవరైనా వేస్తారండి. మీ నాన్నగారు ఏం చదువుకున్నారు?"

"ఏం చదువుకోలే" అన్నాను.

ఆ పిల్ల మెచ్చుకోలుగానే అంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. మనిషి పోయిన ఎన్నో ఏళ్లకు ఒక డాక్టరు తీరిగ్గా వచ్చి, ఫలానా మాత్ర వేసుంటే బతికేవాడమ్మా అని చెప్పిపోతే ఎలా ఉంటుంది? అలా ఉంది. చిక్కుడుకాయలు అక్కడే వదిలేసి లోపలికి పోయి పడుకున్నాను. మా ఆయన ఉంటే ఏందే రూతూ అని అడిగేవాడు, ఆయనా లేడు. అందుకే రాస్తున్నాను. చర్చి మాసపత్రికకు సాక్ష్యాలు, కబుర్లు రాసి రాసి చేతికి రాత అలవాటైంది కానీ, ఈ ఒక్క సంగతి ఎన్నడూ రాయలేదు. ఎవరికీ చెప్పనూ లేదు.

ఇప్పుడు విమానాశ్రయం గోడ పోతున్న వాలు మీద ఆ రోజుల్లో ద్రాక్షతోటలు ఉండేవి. మా బాపు ఆ తోటలకు కాలువలు తీసేవాడు. తవ్వడం ఎవరైనా తవ్వుతారు, ఎక్కడ తవ్వాలో చెప్పడం బాపు పని. వాలు నేల మీద నీళ్లు పరుగెత్తితే మట్టి కోసుకుపోతుంది, నిలబడిపోతే వేరు కుళ్లుతుంది. నీళ్లు మెల్లగా నడవాలి. అందుకు ఆయన దగ్గరున్నది ఒకే పనిముట్టు. రెండు పొడుగు కర్రలు పైన ఒక మొలతో కలిసి, కింద కాళ్లు చాపి నిలబడతాయి. నడుమున అడ్డంగా ఇంకో కర్ర. పైన మొల నుంచి వేలాడే తాడు, తాడు చివర ఒక గుండ్రాయి. అడ్డకర్ర నడుమ కత్తితో పెట్టిన గాటు. రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉంటే తాడు ఆ గాటు మీదికి వచ్చి నిలుస్తుంది. దాన్ని మట్టం అనేవాడు. ఒక కాలు నేల మీద ఆన్చి, రెండో కాలు తిప్పి ముందుకు వేస్తూ, చిన్నపిల్లను నడిపించినట్టు ఆ మూడు కర్రలను వాలు పొడుగునా నడిపించేవాడు. సన్నని వాలు కోసం, తాడు గాటుకు గోరంత ఇవతల నిలిచిన చోటల్లా ఒక రాయి పెట్టుకుంటూ పోయేవాడు. వెనకాల కూలీలు ఆ రాళ్ల వెంట తవ్వుకుంటూ వచ్చేవారు. తోటల పట్వారీలూ, దొరలూ బాపును పేరు పెట్టి పిలవడానికి కూడా తీరిక లేనివాళ్లే కానీ, కాలువ తీసే రోజు మాత్రం ఆయన ఎటు పొమ్మంటే అటు పోయేవాళ్లు.

మాది రెండర్రల పెంకుటిల్లు. ముందు వసారాలో షాబాదు బండలు. పొద్దున లేస్తే అమ్మ జొన్నరొట్టె చరిచే చప్పుడు, పొయ్యిలో తడికట్టె పొగ, బాపు బీడీ, ఆయన బట్టలకు అంటుకున్న, ద్రాక్షతీగలకు చల్లే మైలుతుత్తం వాసన. ద్రాక్షతోటకు పోయి వచ్చినవాళ్ల చేతులు ఎంత కడిగినా నీలంగానే ఉండేవి. బాపు మట్టాన్ని వసారా గోడకు, ఏసుప్రభువు క్యాలెండర్ పక్కన తగిలించేవాడు. దాని మీద తువ్వాలు ఆరేసినా ఊరుకునేవాడు కాదు. రోజూ పనికి బయల్దేరే ముందు గడప దగ్గర రెండు బండల మీద దాన్ని నిలబెట్టి తాడు చూసుకునేవాడు. తర్వాత కుడికాలు ఉన్నచోటికి ఎడమకాలు వచ్చేట్టు తిప్పి మళ్లీ నిలబెట్టి చూసేవాడు. రెండుసార్లూ తాడు ఒకేచోట నిలిస్తేనే భుజాన వేసుకుని కదిలేవాడు. "మంచుకు కర్ర ఉబ్బుతది బిడ్డ. ఒక్క కాలు మోసం చేస్తె తోటంత మోసపోతది" అనేవాడు. నోట్లో వేపపుల్ల పెట్టుకుని నేను రోజూ ఆ తంతు చూసేదాన్ని. చూసి ఏం లాభం!

అమ్మకు ఒకటే పట్టు, నన్ను నర్సును చేయాలని. నా తమ్ముడు కడుపులో అడ్డం తిరిగినప్పుడు ఆమెను ఎడ్లబండిలో మిషన్ దవాఖానకు తీసుకుపోయారట. తమ్ముడు దక్కలేదు. అమ్మను దక్కించిన నర్సు మావంటి ఇంటి పిల్లే. తెల్లచీర, తెల్లబూట్లు. ఊళ్లో మమ్మల్ని వాకిలి బయటే నిలబెట్టే పెద్దమనిషి ఆ దవాఖానలో ఆ పిల్లకు దండం పెట్టి సిస్టరమ్మా అన్నాడట. అమ్మ ఆ మాటను జీవితమంతా చెప్పుకుంది. "మన్ను మోసుడు మాతోనే పోవాలె. నిన్ను గూడ సిస్టరమ్మా అనాలె" అనేది. పాస్టరుగారు ఉత్తరం రాసిచ్చారు. ట్రైనింగులో సీటు ఉందన్నారు. పదో తరగతి పాసు కావాలి, వయసు దాటకూడదు, అంతే షరతు. నేను రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ లెక్కలే. మూడోసారి తప్పితే వయసు దాటిపోతుంది, పాస్టరుగారి ఉత్తరం ఎవరో ఇంకో పిల్లకు పోతుంది. ఇంతకు మించి నాకు అప్పుడు లోకంలో ఏదీ తెలియదు.

కూడికలు, తీసివేతలు, వడ్డీల్లో ఎలాగో ఒడ్డున పడేదాన్ని. నన్ను ముంచింది క్షేత్రగణితం. అందులోనూ ఈ సమద్విబాహు త్రిభుజం. ఇది వస్తే దీని మీద ఆధారపడినవి ఇంకో నాలుగు వస్తాయి, ఇది రాకపోతే ఏదీ రాదు. మొదట నాకు అసలు ప్రశ్నే అర్థం కాలేదు. రెండు భుజాలు సమానం, బొమ్మ చూస్తే రెండు మూలలూ సమానమని కనబడుతూనే ఉంది. కనబడుతున్నదాన్ని నిరూపించడం ఏమిటి? లెక్కల సారును ఒకసారి ఈ మాటే అడిగితే బెత్తంతో జవాబిచ్చాడు. తర్వాత బట్టీ మొదలుపెట్టాను. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి. దత్తాంశం వరకు నా వెంట వచ్చేది. నిర్మాణం దగ్గర ఎవరో వచ్చి A నుంచి కిందికి ఒక గీత గీసి, దాని చివర D అని పేరు పెట్టేవారు. ఈ D ఎవరు? ఎక్కడి నుంచి వచ్చింది? ప్రశ్నలో లేని గీతను మనం ఎలా తెస్తాం? తెచ్చాక ఆ గీత కోణాన్ని సగం చేస్తుందా, కింది భుజాన్ని సగం చేస్తుందా, నిట్టనిలువుగా దిగుతుందా? పుస్తకంలో ఒక రకం, సారు చెప్పింది ఇంకో రకం, గైడులో మూడో రకం. మూడూ సరైనవే అని ఇప్పుడు హారిక చెబుతోంది. నేను ఆ మూడింటినీ కలిపి అన్నం కలిపినట్టు కలిపేసి, ఒకే గీతకు మూడు పనులూ అప్పజెప్పి, ఏది ముందు ఇచ్చారో ఏది తర్వాత తేలిందో తెలియక ఏడ్చేదాన్ని.

రెండోసారి తప్పినప్పటి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. మా సారు త్రిభుజాన్ని ఎప్పుడూ నిలబెట్టే గీసేవాడు. పైన A తప్ప ఇంకో అక్షరం ఉండేది కాదు. పరీక్షలో మాత్రం త్రిభుజం పక్కకు ఒరిగి పడుకుని ఉంది, అక్షరాలు P, Q, R. నేను నేలకు ఆని ఉన్న మూలలే సమానమనుకుని పేజీ నిండా రాసి వచ్చాను. బయటికి వచ్చాక ఎవరో చెబితే తెలిసింది. త్రిభుజం కూడా పడుకుంటుందని నాకెవరు చెప్పారు!

మూడోసారికి బడిలో నాకు చోటు లేదు. ఆదివారాలు ఆరాధన అయ్యాక సారు బడి వరండాలో తప్పినవాళ్లను కూర్చోబెట్టి ఊరికే చెప్పేవాడు. ఆ మాట కూడా చెప్పాలి కదా, ఒక్క పైసా తీసుకునేవాడు కాదు. కొట్టడం మాత్రం మామూలే. నేను ఆ సిద్ధాంతాన్ని రోజుకు ఇరవైసార్లు రాశాను. ఉపవాస ప్రార్థన చేశాను. ఆ పేజీ చింపి బైబిల్లో కీర్తనల మధ్య పెట్టుకున్నాను. రొట్టె తింటూ గొణిగేదాన్ని, నీళ్లు తోడుతూ గొణిగేదాన్ని. అమ్మ చూసి "పిల్లకు గాలి సోకింది" అని ఏడ్చింది. తలకాయలో D తిరుగుతూనే ఉండేది. బావి దగ్గర ఒకరోజు చేద చేతిలో పట్టుకుని, దూకితే ఈ పీడ వదులుతుంది కదా అని నిజంగానే అనుకున్నాను. అనుకుని, భయపడి, చేద అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తాను.

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. బాపు పనికి పోలేదు. వసారాలో కూర్చుని మట్టం తాడుకు మైనం రాస్తున్నాడు. నేను వచ్చి ఆయన ముందు కూలబడ్డాను. నోటు పుస్తకం విసిరేశాను.

"ఏందే, ఏమాయె?" అన్నాడు.

"నాకు రాదు బాపు. ఇగ ఎన్నటికి రాదు. నేను సచ్చిపోత."

"సద్దువుగని తియ్యి. ముందుగాల ఏం రాదో చెప్పు."

చదవడం రానివాడికి ఏం చెప్పాలి? అయినా చెప్పాను. "రెండు భుజాలు సమానం ఉంటయి."

"భుజాలంటె?"

"కాళ్లు అనుకో. రెండు కాళ్లు సమానం. అప్పుడు కింద రెండు మూలలు గూడ సమానమని చూపియ్యాలె."

"గంతేనా?"

"గంతేనా అంటవేంది? రెండేండ్ల సంది దీనికే ఏడుస్తున్న!"

బాపు మైనం పక్కన పెట్టాడు. మట్టాన్ని బండల మీద పడుకోబెట్టాడు. పొయ్యిలోంచి ఒక బొగ్గు తెచ్చి, పైమొల నుంచి రెండు కాళ్ల వెంట, అడ్డకర్ర వెంట, బయటి అంచున గీత గీశాడు. మట్టం ఎత్తితే బండ మీద నల్లని త్రిభుజం మిగిలింది. మట్టాన్ని అట్టును తిరగేసినట్టు తిప్పి ఆ గీతల్లోనే పెట్టాడు.

"గీత దాటిందా?"

"లేదు."

"ఎడమకాలు యాడ పండుకున్నది?"

"కుడికాలు గీతల."

"ఎందుకు సరిపోయింది?"

"రెండు సమానం గాబట్టి. పైన కాళ్ల నడుమ సందు గూడ గదే గాబట్టి."

"మరి ఎడమ మూల యాడికి పోయింది?"

నేను చూశాను. ఎడమ మూల పోయి కుడి మూల మీద కూర్చుంది. వెంట్రుక వాసి అటూ ఇటూ లేదు. కుడి మూల వచ్చి ఎడమ మూల మీద కూర్చుంది. మధ్యలో ఏ గీతా లేదు. D లేదు. D అక్కర్లేదు. మట్టాన్ని కాలితో నెట్టి పక్కకు ఒరిగేట్టు చేశాను. మూలలు మారలేదు.

"కాళ్లు ఎటు చాపినా కాళ్లే బిడ్డ. నేలకు ఆనితేనే కాళ్లయితయా?" అన్నాడు బాపు. తర్వాత ఏదో పొరపాటు చేసినవాడిలాగా నా ముఖం చూసి, "గిదే నా? ఇంకేమన్న ఉన్నదా?" అని అడిగాడు.

"గిదే బాపు" అన్నాను. అని బావురుమని, ఏడుపులోనే నవ్వాను, బాపూ నవ్వాడు. అర్థం కావడం అంటే ఏమిటో నాకు అంతకు ముందు తెలియదు. ఒంట్లో జ్వరం దిగిపోయినట్టు ఉంది. పుట్టినప్పటి నుంచి రోజూ పొద్దున నా కళ్ల ముందే జరుగుతున్నది ఇదే కదా! అమ్మ తడిసిన కట్టెలతో వచ్చి, బండలన్నీ బొగ్గు పాలు చేశారని ఇద్దరినీ తిట్టింది. ఎందుకు నవ్వుతున్నామో ఆమెకు చెప్పలేకపోయాం. ఆ గీతలను వారం రోజులు కడగనివ్వలేదు నేను.

అక్కడితో ఆగితే బాగుండేది. మరుసటి ఆదివారం సారు త్రిభుజం గీసి "ఎవరొస్తరు?" అనగానే నేను లేచాను. ఎన్నడూ లేవని పిల్ల లేచిందని సారు కూడా ఆశగా చూశాడు. బోర్డు దగ్గరికి పోయి, అట్ట ముక్క పెట్టి గీసి, తిప్పి చూపించి, "ఈ మూల ఆ మూల మీద కూసుంటది సార్" అన్నాను. సారు అట్ట ముక్కను పక్కకు జరిపాడు.

"నిర్మాణమేది?"

"అక్కర్లే సార్."

"ఎవరు చెప్పిండ్రు?"

"మా బాపు."

అప్పుడు నవ్వాడు. ఆయన నవ్వితే వరండా అంతా నవ్వింది. "కర్ర తిప్పితె రుజువైతదా? మీ బాపును గూడ తోల్కరా, బోర్డు మీద కాల్వ తీస్తడు" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, బెత్తం బల్ల మీద పెట్టి, నిజంగా నా మంచి కోరే గొంతుతో అన్నాడు: "చూడు రూతమ్మా, పుస్తకంల ఉన్నది ఉన్నట్టు దించు. పేపర్ దిద్దేటాయనకు ఎక్కిరించినట్టు అనిపిస్తె ఉన్న మార్కులు గూడ కోస్తడు. నీకిది ఆఖరిసారి. సొంత తెలివి ఇంటికాడ పెట్టి రా." ఆయనను నేను ఇప్పుడు కూడా పూర్తిగా తిట్టలేను. ఆయనకు తెలిసింది ఆయన చెప్పాడు. ఇంటికి వచ్చి మళ్లీ D తో కుస్తీ మొదలుపెట్టాను. బాపు అడిగితే, "సారు మంచిగుందన్నడు" అని చెప్పాను. అది మొదటి అబద్ధం.

పరీక్ష సెంటరు షాద్‌నగర్‌లో పడింది. బాపు ఆ రోజు పని మానుకుని బస్సులో నా వెంట వచ్చాడు. గేటు బయట చింతచెట్టు కింద నిలబడి, "జర నిమ్మలంగ రాయి, పరేషాన్ గాకు" అన్నాడు. ప్రశ్నపత్రం చేతికి వచ్చింది. మూడో ప్రశ్న అదే. ఒక త్రిభుజంలో రెండు భుజాలు సమానమైన, వాటి ఎదుటి కోణాలు సమానమని నిరూపించుము. అయిదు మార్కులు. దత్తాంశం రాశాను. సారాంశం రాశాను. నిర్మాణం అని రాసి గీత దింపాను. అంతే, D వచ్చి నిలబడింది. సగం చేస్తుందా, నిట్టనిలువుగా దిగుతుందా? ముందు ఏది? ఇరవైసార్ల చొప్పున అన్ని నెలలు రాసింది ఒక్క ముక్క రాలేదు. మిగతా ప్రశ్నలన్నీ తిరిగి మళ్లీ దాని దగ్గరికే వచ్చాను. కాలం అయిపోవస్తోంది.

అప్పుడు కొత్త పేజీ తిప్పి బాపు చెప్పింది రాశాను. నా మాటల్లో, నాకు వచ్చినట్టు. త్రిభుజాన్ని తిప్పి దాని మీదనే పెట్టాము. AB పోయి AC మీద కూర్చుంది, ఎందుకంటే రెండూ సమానం. పైకోణం అదే. కాబట్టి B పోయి C మీద, C వచ్చి B మీద. కాబట్టి రెండు కోణాలు సమానం. పది వరుసలు. ఒక్కచోట ఆగలేదు. నా చదువు మొత్తంలో నాకు తెలిసి, నేను నమ్మి రాసిన జవాబు అదొక్కటే.

రాసి చదువుకున్నాను. ఎవరో పెద్ద సారు, కళ్లద్దాలు పెట్టుకుని, ఎక్కడో ఫ్యాన్ కింద కూర్చుని దీన్ని చదువుతున్నట్టు కనబడింది. ఆయన నవ్వుతున్నట్టు కనబడింది. వరండా అంతా నవ్వుతున్నట్టు వినబడింది. ఆ పేజీలో బాపు నీలపు చేతులతో, బురద కాళ్లతో పోయి ఆ సారు బల్ల ముందు నిలబడినట్టు అనిపించింది. నాకు సిగ్గేసింది. ఉన్నమాట రాస్తున్నాను, నా బాపును చూసి నాకు సిగ్గేసింది. ఉన్న మార్కులు కూడా కోస్తడు అన్న మాట గుర్తొచ్చింది. గంట కొట్టేముందు స్కేలు పెట్టి, ఆ పది వరుసల మీద మూల నుంచి మూలకు అడ్డంగా రెండు గీతలు గీశాను. కొట్టేసింది ఎవరూ దిద్దరు. మాకు ఆ సంగతి ముందే చెప్పారు.

బయటికి వస్తే బాపు అదే చెట్టు కింద ఉన్నాడు. అప్పుడు ఏమీ అడగలేదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టాడు.

ఫలితాల రోజు శంషాబాద్ హోటల్లో పేపర్ చూశాం. పక్కబల్ల మీది ఆయన వేలు పెట్టి నంబర్లు చదువుతూ పోయాడు. నా ముందు నంబరు ఉంది, నా తర్వాతి నంబరు ఉంది. మార్కుల కాగితం తర్వాత వచ్చింది, లెక్కల్లో నాలుగు మార్కులు తక్కువ. ఆ లెక్క ఎవరికైనా అర్థమవుతుంది. ఆ పూట మాత్రం బాపూ నేనూ తోటల పక్క నుంచి నడిచి వచ్చాం. సగం దారిలో ఆయన ఆగాడు.

"గా తిప్పే లెక్క పరీక్షల వచ్చెనా బిడ్డ?"

ఏం చెప్పాలి? వచ్చింది, రాశాను, నీది కాబట్టి కొట్టేశాను అని చెప్పనా?

"రాలే బాపు" అన్నాను.

ఆయన ముఖం ఎంత తేటపడిందో! "నేననుకున్న. వస్తె నువ్వు రాయకుంట ఉంటవా? ఇంత సదివిన పిల్లకు గదొక్కటి అడగకపాయిరి, వాళ్ల నోట్ల మన్నువడ" అని పేపర్ తయారుచేసినవాళ్లను ఇంటిదాకా తిట్టుకుంటూ వచ్చాడు.

పాస్టరుగారి ఉత్తరం ఇంకో పిల్లకు పోయింది. అమ్మ ఆ తర్వాత నర్సు మాట ఎత్తలేదు. నేను తోటల్లో గుత్తులు కోశాను, పెట్టెల్లో కాగితాలు పరిచాను. పెళ్లయ్యాక ఒక ప్రైవేటు దవాఖానలో ఆయాగా చేరి, అక్కడే ముసలిదాన్నయ్యాను. నర్సులు అడిగింది అందించడం, రోగుల కింద శుభ్రం చేయడం. నా చీర రంగు తెలుపు కాదు. అప్పుడే బాగుండేది, ఇప్పుడు పాడైపోయింది అని నేను అనను. ఇప్పుడు హారిక బడిలో పిల్ల లేచి "ఎందుకు మిస్" అంటే ఆమె జవాబు చెబుతుంది. ఫోన్లో త్రిభుజాలు రంగురంగులుగా తిరిగి వాటి మీద అవే కూర్చుంటున్నాయి, నాకు చూపించింది కూడా. బాపు రాళ్లు పెట్టిన వాలు ఎక్కడుందో ఇప్పుడు నేను కూడా వేలు పెట్టి చూపించలేను. మా కాలనీలో గంటసేపు వాన కురిస్తే మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. మూడుకాళ్ల యంత్రం పెట్టి కొలిచే వేశారు కాలువ. నీళ్లు చెరువు వైపు తప్ప అన్ని వైపులా పోతాయి. ఎవరికి చెబుతాం? చెప్పే అర్హత నాకెక్కడిది?

నాకు భయంకరంగా ఉన్నది ఇదేదీ కాదు. ఆ జవాబు తప్పేనన్న నమ్మకం ఈ నలభై ఏళ్లూ నాకు ఒక గోడలా ఉండేది, ఆనుకుని బతికాను. కొట్టేసినా కొట్టేయకపోయినా ఒకటే, ఎలాగూ సున్నానే అనుకునేదాన్ని. హారిక ఆ గోడ తీసేసింది. ఆమెకు మిగతాది చెప్పలేదు, చెప్పి ఏం చేస్తాను?

బాపు మాత్రం బతికినన్నాళ్లూ తన మాట తాను చెబుతూనే ఉన్నాడు. చర్చి మెట్ల మీద, తోటల్లో, పెళ్లిళ్లలో. "మా రూతుకు రాక గాదు, వచ్చిన లెక్క వాళ్లు అడగలే" అని. విన్నవాళ్లు తలూపేవాళ్లు. నేను అక్కడి నుంచి లేచి పోయేదాన్ని. చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి, నేను పనిచేసే దవాఖానలోనే ఆయనను చేర్చాను. ఒక మధ్యాహ్నం కొత్తగా వచ్చిన నర్సు, ఇరవై ఏళ్ల పిల్ల, సెలైన్ సీసా మారుస్తోంది. బాపు ఆమె తెల్లబట్టలు చూసి, ఆయాసపడుతూనే చేయి పట్టుకున్నాడు.

"సిస్టరమ్మా, మా బిడ్డ గూడ నీ తీర్గనే అయ్యేది. దానికొక మంచి లెక్క వస్తుండె. పరీక్షల అదొక్కటి అడగలే వాళ్లు."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను మంచం కాళ్ల దగ్గర బాపు మూత్రపు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను.

"అవును సిస్టర్. అడగలేదు" అన్నాను.